ఉపవాసం నాడు వచ్చిన టెలిగ్రాం

ఆదివారం పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు ఆ టెలిగ్రాం రాజమండ్రి చేరింది. ఇంకో పావుగంటకి మా గుమ్మంలో ఉంది. ఇంత కచ్చితంగా చెబుతున్నానని నా జ్ఞాపకశక్తిని మెచ్చుకోకండి. అప్పట్లో నాకు గడియారం చూడడం కూడా రాదు. వసారాలో ఎండ ఎంతవరకు వచ్చింది, వీధి కుళాయి ఎప్పుడు ఆగింది, వంతెన మీద ఏ బండి వెళ్తోంది, ఇవే నా గంటలు. ఆ తొమ్మిది నలభై కాగితం మీద ఉంది. ఆ కాగితం ఇప్పుడు నా ముందు బియ్యం డబ్బా మూత మీద పరిచి ఉంది. కిందటి నెల మా చెక్కపెట్టెకు చెద పట్టిందని అన్నీ బయటపడేసి దులుపుతుంటే, నలభై ఏళ్లకి పైగా అడుగున పడి ఉన్న ఒకటో తరగతి వాచకంలోంచి జారి కిందపడింది. అంచులు చెద తినేసింది. అంకెలను మాత్రం వదిలేసింది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా పేటకి మధ్యాహ్నం పూట ఒక పంతులమ్మ వచ్చి ఆడవాళ్లకి చదువు చెప్పేది. బియ్యం ఏరుకుంటూ నేర్చుకున్నాను. ఇది నా చేత్తో రాస్తున్నదే. తప్పులు నా మనవరాలు దిద్దుతుంది. తప్పులు దిద్దమన్నాను గానీ విషయం దిద్దవద్దన్నాను. 'అమ్మమ్మా, ఇక్కడ నీ తప్పేం లేదని రాయొచ్చు కదా' అని మొన్న అడిగింది. నీకేం తెలుసని ఆ పేజీ లాక్కున్నాను.

అప్పుడు నాకు ముప్పై మూడో ముప్పై నాలుగో. మా ఆయన పోయాక, పిల్లని నిడదవోలు దగ్గర మా అమ్మ వాళ్లింట్లో వదిలి, ఇన్నీసుపేటలో గున్నేశ్వర్రావుగారింట్లో వంటకి కుదిరాను. ఆయనకి బట్టల కొట్టు ఉండేది. కింద వాళ్లు ఉండేవారు. పైన రెండు గదులు ఖాళీగా ఉంటే, ఒకరోజు ఆయన ఇద్దరు తెల్ల కుర్రాళ్లని వెంటబెట్టుకుని వచ్చారు. తెల్ల చొక్కాలు, మెడలకి టైలు, జేబు మీద నల్ల పలకల మీద పేర్లు. ఎండకి ముఖాలు కందిపోయి ఉన్నాయి. అమెరికా నుంచి రెండేళ్ల కోసం వచ్చారట, వాళ్ల మతం సంగతులు చెప్పడానికి. మార్మన్లంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాకు దొరబాబులంతే.

ఆయన భార్య మాణిక్యమ్మగారు గుమ్మంలోనే ఆపేశారు. "మా ఇంట్లో మాంసం వండకూడదు. గుడ్డు కూడా. సారా, సిగరెట్టు అసలు మాటే వద్దు. ముందే చెప్పండి వాళ్లకి" అన్నారు.

ఆయన ఇంగ్లీషులో ఏదో మాట్లాడి, ఇటు తిరిగి, "సారా, సిగరెట్టే కాదే, వాళ్లు కాఫీ టీలు కూడా తాగరంట" అన్నారు.

"కాఫీ తాగరా! జబ్బేమన్నా ఉందేమో కనుక్కోండి ముందు."

జబ్బేం లేదు. వాళ్ల మతంలో అంతే. ఆ ఇంట్లో తెల్లారితే కాఫీ గింజలు వేగే వాసన మేడ మెట్లెక్కి పైకి పోయేది, వాళ్లిద్దరూ గ్లాసులతో గోరువెచ్చని నీళ్లు తాగుతూ కూర్చునేవారు. నేను చూడలేక మజ్జిగ చేసిచ్చేదాన్ని. ఒకడి పేరు హార్పర్, ఎర్ర జుట్టు, ఒళ్లంతా మచ్చలు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, మాగాయ పచ్చడి వేలితో నాకేవాడు. రెండోవాడు నీల్సన్. పొడుగు, చొక్కాలో మనిషి ఉన్నాడో లేడో అన్నంత సన్నం. పందొమ్మిదేళ్లు. ఒకళ్లనొకళ్లు పెద్దాయనా అన్నట్టు ఎల్డర్ అని పిలుచుకుంటారని గున్నేశ్వర్రావుగారు చెబితే, మీసాలు రాని పెద్దాయనలని మేం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం.

వాళ్ల దినచర్య మిలిటరీ వాళ్లకి కూడా ఉండదు. అలారం మోగగానే లేచేవారు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన, తర్వాత పుస్తకాలు, తర్వాత ఇస్త్రీ. చొక్కాలు నేను ఉతికి నీలిమందు పెట్టి, అన్నం వార్చిన గంజిలో ముంచి ఆరేసేదాన్ని. గంజి ఎక్కువై ఒకసారి హార్పర్ చొక్కా నేల మీద దానంతటదే నిలబడింది. వాడు దానికి టై కట్టి మాణిక్యమ్మగారికి పరిచయం చేశాడు. ఒక్కళ్లే ఎక్కడికీ వెళ్లకూడదని వాళ్లకి నియమం. ఒకడు పెరట్లోకి వెళ్తే రెండోవాడు మెట్ల మీద కాపలా. మాణిక్యమ్మగారు వాళ్లకి కవల దూడలని పేరు పెట్టారు. ఆడవాళ్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదని ఇంకో నియమం. అందుకని మేడ మీదే పెరటి వైపు వసారాలో పొయ్యి పెట్టుకుని వాళ్లకి నేను అక్కడే వండేదాన్ని, తలుపు తీసి ఉండేది, నా పని నాది, వాళ్ల చదువు వాళ్లది. ఇంటికి ఉత్తరం వారానికొకటి రాయాలి. ఫోను ఏడాదికి రెండుసార్లు మించి చెయ్యకూడదు. ఇన్ని తాళ్లతో కట్టేసిన పిల్లల్ని నేనెక్కడా చూడలేదు, అయినా వాళ్లు కట్టేసినట్టు ఉండేవారు కాదు, అదీ విచిత్రం.

తొమ్మిదింటికి సైకిళ్లెక్కేవారు. గుమ్మం గుమ్మం తిరిగేవారు. మా ఊళ్లో ఎవరూ తలుపు మొహాన వెయ్యరు, అదే వాళ్ల కష్టం. కూర్చోబెట్టేవారు, మంచినీళ్లిచ్చేవారు, అరటిపళ్లు పెట్టేవారు, చెప్పింది మాత్రం వినేవారు కాదు. ఒకావిడ 'మాకు ముప్పై మంది దేవుళ్లున్నారు బాబూ, మీ ఆయన పటం కూడా ఇచ్చి వెళ్లండి, పక్కనే పెడతాను' అందట. ఇంకొకాయన గంటసేపు తన కొడుకుకి అమెరికాలో ఉద్యోగం గురించి మాట్లాడాడట. సాయంత్రం వచ్చాక నీల్సన్ సైకిలు గోడకి ఆనించి, "ఈ రోజు ఏడుగురు నీళ్లు ఇచ్చారు అక్కా, ఒకరు కూడా మాట ఇవ్వలేదు" అనేవాడు. తెలుగు అలా పుస్తకంలోంచి తీసి పెట్టినట్టు మాట్లాడేవాడు.

ఆ తెలుగు కోసమే బజారులో ఒకటో తరగతి వాచకం కొన్నాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారా గడప అవతల కూర్చుని బిగ్గరగా చదివేవాడు. నేను ఇవతల కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ వాడి నోరు సరిచేసేదాన్ని. వాడికి అక్షరం తెలుసు, పలకడం తెలీదు. నాకు పలకడం తెలుసు, అక్షరం తెలీదు. హార్పర్ మంచం మీద పడుకుని మా ఇద్దర్నీ చూసి నవ్వేవాడు. ఒకరోజు నీల్సన్ పుస్తకం ఇటు తిప్పి, "మీరు కూడా నేర్చుకోండి అక్కా. రోజుకి రెండు చాలు" అన్నాడు.

"నాకెందుకు బాబూ ఈ వయసులో? ఉప్పు డబ్బా మీద పేరు రాసుంటేనే ఉప్పని తెలుస్తుందా నాకు?"

"ఉత్తరం వస్తే?"

"నాకెవరు రాస్తారు?"

అప్పుడు చెప్పింది ఏడిపించడానికి చెప్పలేదు, నిజంగానే అనుకున్నాను. వాడు బలవంతం చెయ్యలేదు. వాడి అట్టపెట్టెలో వాళ్లమ్మ ఫొటో ఉండేది. ఒకసారి తెచ్చి చూపించాడు. పొట్టి జుట్టు, కళ్లజోడు, వెనకాల మంచు పడిన కొండ, చేతిలో గిన్నె. పేరేంటి బాబూ అంటే రూత్ అన్నాడు. మీ అమ్మ ఏం వండుతుంది అంటే చాలాసేపు ఆలోచించి, ఆపిల్ పళ్లతో ఏదో చేస్తుందని చేతులతో చూపించాడు. ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు గానీ, బాగా చేస్తుందని మాత్రం అర్థమైంది.

ఎండలు ముదిరే ముందు, కాలవలకి నీళ్లు ఇంకా కట్టెయ్యక ముందు, వాళ్లింటి నుంచి వచ్చిన ఉత్తరంలో అమ్మకి ఒంట్లో బాగోలేదని ఉంది. ఉత్తరం రావడానికే మూడు వారాలు. దానికి జవాబు వెళ్లడానికి మూడు వారాలు. వాడు జవాబు రాసి పోస్టులో వేసి వచ్చి, మెట్ల మీద కూర్చుని, "నేను ఇప్పుడు ఎలా ఉందని అడిగాను. ఆమె చెప్పేది వచ్చే నెల. అప్పుడు ఎలా ఉందో మళ్లీ అడగాలి" అన్నాడు. ఏమనాలో తెలియక మజ్జిగ ఇచ్చాను. నాకు ఏమనాలో తెలియనప్పుడల్లా వాడికి ఏదో ఒకటి పెట్టేదాన్ని. తాగేవాడు. అది మంచి అలవాటని అప్పుడనుకున్నాను.

నెలకో ఆదివారం వాళ్లకి ఉపవాసం. మన ఉపవాసంలా పళ్లూ పాలూ కాదు. శనివారం సాయంత్రం తిన్నాక మళ్లీ ఆదివారం సాయంత్రమే. మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ ఆదివారం కూడా అలాంటిదే. గున్నేశ్వర్రావుగారు బంధువుల ఇంట్లో తాంబూలాలని ధవళేశ్వరం వెళ్లారు. కుర్రాళ్లు వాళ్ల ప్రార్థనకి దానవాయిపేట వెళ్లారు. ఇంట్లో ఆడవాళ్లం ఇద్దరమే. మాణిక్యమ్మగారు తలంటుకుని సాంబ్రాణి వేసుకుంటున్నారు. నేను వాకిట్లో ఉన్నాను.

ఖాకీ బట్టలాయన సైకిలు దిగి, "నీల్సన్ ఎవరమ్మా ఇక్కడ?" అన్నాడు.

"పైన ఉండే దొరబాబు. ఇంట్లో లేరు. ఏంటది?"

"టెలిగ్రాం. నువ్వు తీసుకో. సంతకం పెట్టు."

"రాదు."

"అయితే వేలు ఇలా పట్టు."

నా బొటనవేలికి ఊదా సిరా రాసి, చీటీ మీద నొక్కించుకున్నాడు. ఏం రాసుందయ్యా అని అడిగాను. "అంటించి ఉంది కదమ్మా, నేనెలా చదువుతాను? అయినా టెలిగ్రాములో పెళ్లి కబుర్లు రాస్తారా?" అని సైకిలెక్కి పోయాడు. పాపం ఆయన తప్పేం లేదు. ఆ రోజుల్లో మా వీధికి వచ్చిన ప్రతి టెలిగ్రామూ ఎవరో ఒకరిని తీసుకుపోయిందే. కాగితం చూడగానే ఏడుపు మొదలుపెట్టి, తర్వాత ఎవరి చేతనైనా చదివించుకునేవాళ్లం.

మాణిక్యమ్మగారు తడి జుట్టుతోనే వచ్చి, కాగితం ముట్టుకోకుండా దూరం నుంచే చూశారు.

"తల్లే అయ్యుంటుందే వెంకాయమ్మా."

"అంతేనండి."

"అయ్యో. వాడు నిన్న సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు కదే."

"మంచినీళ్లు కూడా లేవండి."

"అయితే ఇవ్వకు. ఏదో ఒకటి తిన్నాక ఇద్దువుగాని. పోయినావిడ ఎలాగూ పోయింది. ఈ కబురు తెలిస్తే మళ్లీ ఎన్నాళ్లకి ముద్ద ముడతాడో."

ఇదీ మేం చేసింది. ఇందులో మాకు అనుమానమే లేదు. చావు కబురు ఆకలి మీద ఉన్నవాడికి చెప్పకూడదు. ముందు అన్నం పెట్టాలి, చెయ్యి కడుక్కున్నాక చెప్పాలి. మా అమ్మ నాకు అలాగే చెప్పింది, మా ఆయన పోయినప్పుడు. నాకు చద్దన్నం తినిపించి, పళ్లెం తీశాక చెప్పింది. అది దయ. నాకు తెలిసిన పెద్ద దయ అదే. పక్క సందులో ఇంగ్లీషు చదివే మాస్టారు ఉన్నారు. తీసుకెళ్తే విప్పి చదివి చెప్పేవారు. తీసుకెళ్లలేదు. చదువు రాక కాదు, ఆ కాగితంలో ఏముందో నాకు ముందే తెలుసనుకున్నాను. చదివించక్కర్లేదనుకున్నాను. కందిపప్పు డబ్బాలో పప్పు కింద దాచి మూత పెట్టాను.

వాళ్లు మిట్టమధ్యాహ్నం వచ్చారు. అప్పటికి నేను బూరెలు చేశాను. నీల్సన్‌కి బూరెలంటే ప్రాణం, కొరికితే లోపల వేడి పూర్ణం నాలుక కాలుస్తుందని తెలిసీ కొరికేవాడు. ఉపవాసం చెడగొట్టాలనే చేశాను, దాచేదేం లేదు. పళ్లెం తీసుకెళ్లి గడప దగ్గర పెట్టాను. హార్పర్ ముక్కు మూసుకుని, "అక్కా, మీరు సైతాను. ఇది చాలా అన్యాయం అండి" అని నేల మీద దొర్లాడు.

"ఒక్కటి తినండి బాబూ. దేవుడేం కొట్టడు."

నీల్సన్ నవ్వి తల ఊపాడు. "సాయంత్రం తింటాను అక్కా. ఈ రోజు అమ్మ కోసం చేస్తున్నాను. అక్కడ నాన్న, చెల్లి, అందరూ చేస్తున్నారు."

"మీ అమ్మే ఇక్కడుంటే తినమనేది కదా?"

"లేదు. అమ్మ చాలా గట్టి మనిషి."

ఇంకేం చెప్పను? తినకపోతే చెప్పకూడదు. తల్లి కోసం తినడం లేదు. తల్లి గురించిన కాగితం నా పప్పు డబ్బాలో ఉంది. మెట్లు దిగి మాణిక్యమ్మగారికి చెబితే, ఆవిడ గుమ్మానికి చేరబడి, "ఎవరి కోసం చేస్తున్నాడో ఆవిడే లేకపోయిందే తల్లీ" అని కళ్లు తుడుచుకున్నారు. ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి, సాయంత్రం కోసం చూస్తూ కూర్చున్నాం. ఆ పూటంతా నేను నా బొటనవేలు చింతపండుతో తోముతూనే ఉన్నాను. ఊదా రంగు పోలేదు.

కుళాయి వచ్చే వేళకి, అంటే నాలుగింటికి, నీల్సన్ ఏం చేస్తున్నాడో నాకు బాగా గుర్తుంది. చొక్కాకి ఊడిపోయిన గుండీ కుట్టుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కడం లేదు. ఇటివ్వండి అని తీసుకుని, దారం కొస నోట్లో తడిపి, ఎక్కించి ఇచ్చాను. కింద బిందెల చప్పుడు. వాడు థాంక్స్ అన్నాడు. నాలుగో కుట్టు వేసేటప్పుడు వేలికి గుచ్చుకుంటే ఉఫ్ అన్నాడు.

సాయంత్రం ప్రార్థన చేసుకుని, ఆరింటికి భోజనానికి కూర్చున్నారు. పప్పు, వంకాయ కూర, చారు. నీల్సన్ మూడు బూరెలు తిన్నాడు. ఇంకోటి వెయ్యబోతే చాలన్నాడు. ఇంకోటి తినండి అని బలవంతంగా వేశాను, ఆ ఒక్క బూరె తినేంతసేపైనా ఆగుతుందని. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు ఇచ్చి, తువ్వాలుతోపాటు కాగితం ఇచ్చాను.

విప్పాడు. చదివాడు. అప్పుడు తలెత్తి, "అక్కా, ఇది ఎప్పుడు వచ్చింది?" అన్నాడు.

నేను అబద్ధం చెప్పాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు. చావు కబురుకి ఎప్పుడు వచ్చిందని ఎవరూ అడగరు, నేను చూసినంతలో. అడిగేసరికి, ఏదో చెయ్యరానిది చేశాననిపించింది. "ఇందాకే బాబూ, మీరు తింటుంటే" అన్నాను.

వాడు కాగితం వైపు చూశాడు. నా వైపు చూశాడు. నా చేతి వైపు చూశాడు. చెయ్యి కొంగులో దాచుకున్నాను. "సరే అక్కా" అన్నాడు. అంతే. హార్పర్‌తో ఏదో అన్నాడు, టెలిఫోను ఆఫీసుకని నాకు చెప్పి, ఇద్దరూ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగి సైకిళ్లెక్కారు. చనిపోతే టెలిఫోను ఆఫీసుకి అంత పరుగెందుకని మాణిక్యమ్మగారు అడిగారు. నాకూ అదే అనుమానం. అప్పుడు మొదటిసారి వచ్చింది ఆ అనుమానం.

ఫోను కోసం వాళ్లు మర్నాటి దాకా అక్కడే కూర్చున్నారు. పొద్దున క్యారియర్ పట్టుకుని నేను వెళ్లాను. బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన, గంజి చొక్కాలు నలిగి, గడ్డాల మీద ఎర్రటి నూగుతో. ఇడ్లీ తినమంటే హార్పర్ తల అడ్డంగా ఊపాడు. ఎండ బాగా ఎక్కాక లైను కలిసింది. నీల్సన్ అద్దాల గదిలోకి వెళ్లి, చెవిలో వేలు పెట్టుకుని గట్టిగా అరుస్తూ మాట్లాడాడు. తర్వాత అరవడం మానేశాడు. తర్వాత మాట్లాడడం మానేశాడు. ఫోను చెవి దగ్గర అలాగే పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. దగ్గరికి తీసుకోవాలనిపించింది, నా కడుపున పుట్టినవాడైతే తీసుకునేదాన్నే. కానీ వాళ్ల నియమం నాకు తెలుసు. వాడు బయటికి వచ్చి, "మీరు చాలాసేపు నిలబడ్డారు అక్కా, కూర్చోండి" అన్నాడు.

అసలు సంగతి హార్పర్ గున్నేశ్వర్రావుగారికి చెప్పాడు, ఆయన మాకు చెప్పారు. ఆ కాగితంలో ఉన్నది చావు కబురు కాదు. 'అమ్మకి సీరియస్. నీ గొంతు వినాలంటోంది. వెంటనే ఫోన్ చెయ్యి. నాన్న.' ఇదీ ఉన్నది. ఆవిడ ఫోను మంచం దగ్గరికి తెప్పించుకుని, దాని వైపే చూస్తూ, నిద్రపోకుండా ఉందట. చివరిదాకా మాట ఉందట. మన లెక్కన ఆదివారం సాయంత్రం నాలుగింటికి పోయింది.

గున్నేశ్వర్రావుగారు చెప్పి కొట్టుకి వెళ్లిపోయారు. మాణిక్యమ్మగారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆవిడ, "మనమేమన్నా కావాలని చేశామా" అన్నారు. తర్వాత ఆవిడ బతికినంతకాలం ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వాడు ఇంటికి వెళ్లలేదు. నేను మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. "పెద్దకొడుకువి. వెళ్లకపోతే ఎలా బాబూ?" అంటే, నాన్న పని పూర్తి చేసి రమ్మన్నారు, అమ్మ కూడా అదే కోరుకునేది అన్నాడు. నాకు ఆ తండ్రి మీద కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో ఒకరి మీద రావాలి కదా. మూడో రోజు నుంచే మళ్లీ అలారం, మోకాళ్ల మీద ప్రార్థన, ఇస్త్రీ, సైకిళ్లు. వీధుల్లో మళ్లీ మంచినీళ్లు, అరటిపళ్లు. పదకొండో రోజున నేను ఎవరినీ అడగకుండా గారెలు, పాయసం వండి, గోడ మీద కాకికి ఒక ముద్ద పెట్టి, తర్వాత వాళ్లకి వడ్డించాను. ఈ రోజు ఏం పండుగ అని నీల్సన్ అడిగాడు. ఏం లేదు తినండి అన్నాను. గోడ మీద ముద్ద చూశాడు. కాకి దాన్ని తింటుంటే చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో మూడు నెలలున్నాడు. ఆ మూడు నెలలూ నేను వండింది తిన్నాడు, ఉతికింది కట్టుకున్నాడు, థాంక్స్ అక్కా అన్నాడు. ఒక్కసారి కూడా గొంతు మార్చలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. నా అబద్ధం నమ్మాడనుకున్నాను. తప్పు చేశాను గానీ వాడికి తెలీదు, కనీసం నా వల్ల జరిగిందని వాడు బాధపడడం లేదు, అదే పదివేలనుకున్నాను. తర్వాత వాళ్లని ఇంకో ఊరు మార్చారు. వెళ్లేముందు ఆ వాచకం నా చేతిలో పెట్టి, "రోజుకి రెండు అక్కా" అన్నాడు. రైలు దాకా వెళ్లలేదు నేను. వంతెన మీద బండి చప్పుడు విన్నాను.

ఆ పుస్తకం పెట్టెలో అడుగున పెట్టేశాను. అక్షరాలు వచ్చాక కూడా తియ్యలేదు. పంతులమ్మ ఇచ్చిన వేరే పుస్తకంలో నేర్చుకున్నాను. పేపరు చదివాను, బస్సుల పేర్లు చదివాను, ఓటు దగ్గర సంతకం పెట్టాను, ఇంగ్లీషు పెద్దక్షరాలు మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. ఆ పుస్తకం మాత్రం తియ్యబుద్ధి కాలేదు. చెద పట్టకపోతే ఇప్పుడైనా తీసేదాన్ని కాదు. కాగితం జారినప్పుడు ఏ పేజీలోంచి జారిందో చూశాను. అమ్మ అని రాసున్న పేజీ అయ్యుంటుందని మీరనుకుంటారు. కాదు. ఎలుక, ఏనుగు ఉన్న పేజీ. చేతికి అందిన చోట పెట్టినట్టుంది.

అందులో మదర్ అన్న మాట నేనే కూడబలుక్కుని చదివాను. మిగతాది మనవరాలు చదివింది. మూల ఉన్న టైము ఎవరూ చదివిపెట్టక్కర్లేకపోయింది. తొమ్మిది, గీత, నలభై. దాని చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా ఒక సున్నా చుట్టి ఉంది.

తెలుసు వాడికి. ఆ సాయంత్రం కాగితం చూసి, నన్ను చూసి, సరే అక్కా అన్నప్పుడే తెలుసు. కాగితం తన టైము తనే చెప్పుకుంటుందని నాకు తెలీదు, వాడికి తెలుసు. తెలిసే మూడు నెలలు నా చేతి అన్నం తిన్నాడు. ఆ సున్నా ఎప్పుడు చుట్టాడు? టెలిఫోను ఆఫీసు బెంచీ మీదా? కాగితం పుస్తకంలో మర్చిపోయాడా, నాకు చదువు వస్తే చూసుకుంటానని పెట్టాడా? అడగాలంటే వాడు ఎక్కడున్నాడో తెలీదు. ఉన్నాడో లేడో తెలీదు. ఉంటే అరవై దాటి ఉంటాడు. మనవరాలు ఫోనులో ఆ పేరు కొట్టి వెతికింది. వందలమంది నీల్సన్లు వచ్చారు, అందరూ బట్టతలలతో నవ్వుతున్నారు. ఎవరిలోనూ ఆ సన్నటి కుర్రాడు కనిపించలేదు. ఉత్తరం రాశాను, తెలుగులో, నాలుగు పేజీలు. కవరు మీద ఏం రాయాలో తెలియక అలాగే ఉంది. నాకెవరు రాస్తారన్నాను ఒకప్పుడు. ఇప్పుడు నేను రాయగలను, పంపలేను.

పొద్దున్నే కాగితం దానవాయిపేట పట్టుకెళ్లి ఇచ్చి ఉంటే లైను దొరికేదా? అదొకటి. వాళ్లకి ఆ రోజు సాయంత్రం అడిగితే మర్నాడు దొరికింది. పొద్దున అడిగి ఉంటే నాలుగింటిలోపు దొరికేదేమో, దొరికేది కాదేమో. ఆ రోజుల్లో ఒక్కోసారి రెండు గంటలు, ఒక్కోసారి రెండు రోజులు. దొరికేది కాదులే వెంకాయమ్మా అని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండును. టెలిఫోనుల్లో పనిచేసి రిటైరైన ఒకాయన్ని గుళ్లో పట్టుకుని అడిగాను. "చెప్పలేమమ్మా, అదృష్టం" అన్నాడు.

ఇప్పుడు మా మనవరాలు జంగారెడ్డిగూడెంలో ఉన్న వాళ్లమ్మకి ఏదైనా పంపితే, చూసిందో లేదో ఫోనులోనే నీలం గీతలు పడతాయి. ఎన్నింటికి చూసిందో కూడా ఉంటుంది. ఎవరూ ఎవరి కబురునూ పప్పు డబ్బాలో దాచలేరు. మంచిదే. కానీ ఆ పిల్ల ముందు అన్నం తిన్నావా అని అడగకుండానే కబురు చెప్పేస్తుంది, అవతలివాళ్లు రోడ్డు మీదున్నారో బస్సులో ఉన్నారో చూడకుండా. అదీ నాకు నచ్చదు. ఏది మంచిదో నాకు తెలీడం లేదు. కిందటేడు మా అల్లుడి తమ్ముడికి ఆస్పత్రిలో సీరియస్‌గా ఉందని కబురొస్తే, అల్లుడు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. మొదటి ముద్ద కలుపుతున్నాడు. అందరూ నాకు సైగ చేశారు, తిననివ్వమని. నేను అందరి ముందూ చెప్పేశాను. కంచంలో చెయ్యి కడుక్కుని పరిగెత్తాడు. ముసలిదానికి మనసు లేదన్నారు. అననీ. తమ్ముడు కళ్లు తెరిచి ఉండగా చూశాడు.

ఆ ఆదివారం ఉన్నవాళ్ల పేర్లు రాసి ఆపేస్తాను, ఎందుకంటే ఇప్పుడు వాళ్లలో చాలామంది లేరు, నేను పోతే చెప్పేవాళ్లు కూడా ఉండరు. సైకిలు మీద టెలిగ్రాం తెచ్చిన ఖాకీ బట్టలాయన, ఆయన పేరు నేను అడగలేదు. ధవళేశ్వరం వెళ్లి పొద్దుగుంకాక వచ్చిన గున్నేశ్వర్రావుగారు. తడి జుట్టుతో గుమ్మంలో నిలబడ్డ మాణిక్యమ్మగారు. బూరెల పళ్లెం చూసి నేల మీద దొర్లిన హార్పర్. గుండీ కుట్టుకున్న నీల్సన్. దారం ఎక్కించిన నేను, వెంకాయమ్మని. ఇంకా రూత్ గారు. ఆవిడ కూడా ఆ రోజు ఉంది, సాయంత్రం నాలుగింటి దాకా.